మా ప్రయోగశాలలో ఎంజైముల వేగము

రసాయనశాస్త్ర ప్రయోగశాల అనగానే మన విద్యార్థులకు స్ఫురించేవి రెండే విషయములు: ఒకటి లవణ విశ్లేషణ, రెండవది అంశమాపనము. మొదటిదానిలో ఇచ్చిన ఉప్పు ఏదో తేల్చాలి. రెండవదానిలో ఇచ్చిన ద్రావణపు గాఢత ఎంతో తేల్చాలి. రెండింటిలోనూ సమాధానము విద్యార్థి బల్ల వద్దకు రాకముందే ఉపాధ్యాయుని నోటుపుస్తకములో సిద్ధముగా ఉంటుంది. కాని కాలముతోపాటు మారిపోతున్న వస్తువును కొలవడము, అంటే ఒక చర్య ఎంత త్వరగా జరుగుతున్నదో గడియారము పక్కన పెట్టుకొని చూడడము, వేరే జాతి పని. దాని సమాధానము ముందుగా ఎవరి వద్దా ఉండదు, ఉండకూడదు కూడా. డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థులచేత అటువంటి పనిని ఎంజైముల సహాయముతో చేయించవలెనని రసాయనశాస్త్ర శాఖలోని మేము 2023వ సంవత్సరములో పూనుకొన్నాము. ఆ ప్రయత్నములో మా వల్ల ఇద్దరు విద్యార్థినులకు అన్యాయము జరిగింది. ఆ సంగతి ప్రయోగశాల గోడలు దాటకుండా ఉండిపోవడము సరికాదని తోచి, ప్రయోగముతోపాటు దానిని కూడా ఈ సంచికలో వ్రాస్తున్నాము.

మొదట మాట సంగతి. మా తరగతిలో కొందరు ఉర్దూ మాధ్యమములో, కొందరు తెలుగు మాధ్యమములో చదివి వచ్చినవారు. 'ఎంజైము' అనే మాట ఇరువురికీ పరాయిదే. ఉర్దూ శాస్త్రగ్రంథములు దీనిని 'ఖామిరా' అంటాయి. ఆ మాటకు దగ్గరి చుట్టము మనమెరిగిన 'ఖమీరు', అంటే పిండిని పులియబెట్టే ద్రవ్యము; ఖమీరీ రొట్టెకు ఆ పేరు వచ్చినది అక్కడినుంచే. మన పాత పుస్తకములలోని 'కిణ్వము' అనే మాటకు కూడా పులియబెట్టేది అనే అర్థము. ఇక 1877లో జర్మను శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ క్యూనె ఎంజైము అనే పేరు పెట్టినప్పుడు గ్రీకు భాషనుంచి తెచ్చుకొన్న అర్థము 'ఖమీరులో ఉన్నది' అనే. మూడు భాషలు ఒకే పిండిముద్ద వద్ద కలుసుకొన్నాయి. ఈ మాట చెప్పిన రోజు తరగతిలో ఉత్సాహము వెల్లివిరిసింది. పాఠము సగము అయిపోయినట్లే అనుకొన్నాము. అది తొందరపాటు.

మామూలుగా ఎంజైముల ప్రయోగమంటే లాలాజలముతో చేసేదే. నోరు పుక్కిలించి, కొంత లాలాజలమును పరీక్షనాళికలో పట్టి, పలుచన చేసి, గంజితో కలపాలి. నిమిషమునకొక చుక్క తీసి, తెల్లని పింగాణీ పలక మీద ఉంచిన అయొడిన్ చుక్కలో కలుపుతూ పోవాలి. మొదట చిక్కని నీలము, తరువాత ఊదా, తరువాత ఎరుపు డాలు, చివరకు అయొడిన్ తన సొంత రంగుతోనే మిగిలిపోతుంది. గంజిని విరిచే ఈ జాతి ద్రవ్యమును 1833లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచివారు మొలకెత్తిన బార్లీనుంచి మొదట వేరుచేశారు. చూడముచ్చటైన ప్రయోగమే. అయితే ఎవరి లాలాజలము వారిదే గనుక ఒక బల్ల ఫలితమును మరొక బల్ల ఫలితముతో పోల్చడానికి వీలుండదు. అంతకంటె పెద్ద చిక్కు, 2023లో రంజాను మాసము మార్చి చివర మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. మా ప్రాక్టికల్స్ సరిగా ఆ రోజులలోనే పడ్డాయి. ఉపవాసముతో ఉన్న పిల్లలను నోట నీళ్ళు పోసుకొని పుక్కిలించమని అడగడము మాకు సబబుగా తోచలేదు. అందులో దోషమున్నదా లేదా అని తీర్పు చెప్పే అర్హత మాది కాదు. ఒక్క విద్యార్థి మనస్సులో సంకోచము కలిగినా, ఆ ప్రయోగమును మరొక దానితో మార్చుకోవడము మా విధి.

పుచ్చకాయ గింజలలో యూరియేజు అనే ఎంజైము సమృద్ధిగా ఉంటుందని మాలో ఒకరికి తెలుసు. అవి పుచ్చకాయల రోజులు. హాస్టలులో ఇఫ్తారుకు కోసిన కాయల గింజలు మరునాడు కడిగి ఆరబెట్టిన పొట్లములుగా ప్రయోగశాలకు వచ్చాయి. పైపొట్టు తీసి, పప్పును కల్వములో నూరి, చల్లని స్వేదనజలములో కలిపి, పలుచని గుడ్డలో వడగట్టితే పాలవంటి ద్రవము దిగుతుంది. అదే మా ఎంజైము. యూరియా అణువు మీద ఇది పనిచేసినప్పుడు ఒక్కొక్క అణువునుంచి రెండు అమ్మోనియా అణువులు, ఒక బొగ్గుపులుసు వాయువు అణువు వెలువడతాయి. అమ్మోనియా క్షారము, దానిని ఆమ్లముతో కొలవవచ్చును. విలువైన పరికరము ఒక్కటీ అక్కరలేదు. బ్యూరెట్టు, పిపెట్టు, గడియారము చాలు.

యూరియేజు పేరు చెప్పుకొన్నాక అమెరికా దేశపు జేమ్స్ సమ్నర్‌ను తలచుకోకుండా ముందుకు పోలేము. పదిహేడవ యేట వేటలో తోటివాని తుపాకి గుండు తగిలి ఆయన ఎడమచేయి పోయింది. ఆయన అంతవరకు ఎడమచేతివాటము మనిషి. రసాయనశాస్త్రము ఒంటిచేతితో సాగే చదువు కాదని పెద్దలు వారించినా వినక, కార్నెల్ విశ్వవిద్యాలయములో 1917లో జాక్‌బీన్ అనే చిక్కుడుజాతి గింజలతో పని మొదలుపెట్టి, 1926లో వాటినుంచి యూరియేజును స్ఫటికములుగా తీశారు. ఒక ఎంజైము స్ఫటికరూపములో మానవుని కంటబడడము అదే మొదటిసారి. ఎంజైములు మాంసకృత్తులేనని ఆయన అంటే పేరుమోసిన జర్మను ఆచార్యులు చాలాకాలము ఒప్పుకోలేదు. 1946లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది. ఈ కథ చెప్పినది విద్యార్థులను ఉత్తేజపరచడానికే అయినా, తరువాత జరిగినది తలచుకొంటే పెద్దలు వారించడము, ఒప్పుకోకపోవడము అనే భాగమును మేమే సరిగా వినలేదని అర్థమవుతున్నది.

మా విద్యార్థులలో సేద్యగాళ్ళ బిడ్డలు చాలామంది ఉన్నారు. యూరియా వారికి సీసాలోని రసాయనము కాదు, బస్తాలోని ఎరువు. తడినేల మీద చల్లి వదిలేసిన యూరియానుంచి ముక్కుకు తగిలే ఘాటు వారెరిగినదే. నేలలోని సూక్ష్మజీవులకు కూడా యూరియేజు ఉంటుంది. అది యూరియాను అమ్మోనియాగా విరిచి గాలిలో కలిపేస్తుంది. ఎరువును మట్టిలో కలపమనీ, చల్లిన వెంటనే తడి పెట్టమనీ వ్యవసాయశాఖవారు చెప్పే మాటకు కారణము అదే. ఒక విద్యార్థి ఇంటినుంచి గుప్పెడు యూరియా తెచ్చాడు. దేశములో తయారయ్యే యూరియా మొత్తమునకు 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేశారు గనుక, నీటిలో వేయగానే జిడ్డు తేలింది. ఆ ద్రావణము కొలతలకు పనికిరాలేదు. చివరకు సీసాలోని శుద్ధ యూరియానే వాడాము. ఆ గుప్పెడు ఎరువు మాత్రము వృథా పోలేదు. కిటికీ కింది గోరింటచెట్టుకు చేరింది.

ఇక ప్రయోగపు సారము. ఎంజైము పరిమాణము మార్చకుండా యూరియా గాఢతను క్రమముగా పెంచుతూ పోతే చర్యావేగము ఎలా మారుతుంది? ఉర్సు రోజున దర్గా వాకిట చెప్పులు భద్రపరిచే ఇద్దరు మనుషులను ఊహించుకొమ్మని విద్యార్థులకు చెప్పాము. వచ్చేవారు పలుచగా ఉన్నంతసేపు, ఎంతమంది వస్తే అంత పని సాగుతుంది. జనము పెరిగేకొద్దీ ఆ నాలుగు చేతులకు ఖాళీ తగ్గుతుంది. ఒక దశ దాటాక వరుస దర్గా గేటుదాకా పెరిగినా, నిమిషమునకు తీసుకొనే చెప్పుల జతలు పెరగవు. ఎంజైమునకు కూడా యూరియాను పట్టుకొనే చోట్లు లెక్కకు మించి ఉండవు. గ్రాఫు కాగితము మీద గాఢతను అడ్డముగా, వేగమును నిలువుగా తీసుకొంటే, గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను వంగి, చదునుకు దగ్గరవుతుంది. వేగము సమానము గరిష్ఠ వేగము ఇంటూ గాఢత, భాగించు స్థిరాంకము ప్లస్ గాఢత అనే సూత్రము ఈ వక్రమునే చెబుతుంది. ఆ స్థిరాంకమును మైకేలిస్ స్థిరాంకము అంటారు. వేగము గరిష్ఠములో సరిగా సగము ఉన్నప్పటి గాఢత అది.

2023లో మేము తయారుచేసి ఇచ్చిన సూచనల కాగితము చాలా సులువైనది. వరుసగా ఆరు శంకుకుప్పెలు. ఒక్కొక్క దానిలో పది మిల్లీలీటర్ల యూరియా ద్రావణము, ఆరింటికీ ఆరు గాఢతలు. ఒక్కొక్క కుప్పెలో ఒక మిల్లీలీటరు గింజల ద్రవము. ఇరవై నిమిషములు గడవగానే తెలిసిన కొలత హైడ్రోక్లోరిక్ ఆమ్లమును ఎక్కువగానే కలపాలి. ఆమ్లము తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. మిగిలిన ఆమ్లమును మిథైల్ ఆరెంజ్ సూచికతో సోడియం హైడ్రాక్సైడును ఉపయోగించి అంశమాపనము చేస్తే, అమ్మోనియా ఎంత పుట్టిందో లెక్క తేలుతుంది. చర్యను ఆపడానికి పాత పుస్తకములు మెర్క్యురిక్ క్లోరైడును వేయమంటాయి. పాదరస లవణములను మొదటి సంవత్సరపు పిల్లల చేతికి ఇవ్వడము ఇష్టములేక దానిని మానివేశాము. ఈ మార్పు మంచిదే. మరొక మార్పు కూడా చేశాము. పుస్తకములు యూరియాను ఫాస్ఫేటు బఫరు ద్రావణములో కరిగించమన్నాయి. ఫాస్ఫేటు తానే ఆమ్లమును తాగుతుంది. అమ్మోనియా తాగినదెంత, ఫాస్ఫేటు తాగినదెంత అని విడదీయడానికి విడిగా శూన్యప్రయోగము చేయించాలి. రెండు గంటల పీరియడులో ఇదంతా జరగదని, బఫరును తీసివేసి స్వేదనజలము పెట్టాము. ఆ కాగితము మీద మా శాఖ ముద్ర కూడా ఉన్నది.

ఒక బల్ల వద్ద ఇద్దరు విద్యార్థినులు జతగా చేశారు. ఒకరు ఉర్దూ మాధ్యమమునుంచి, ఒకరు తెలుగు మాధ్యమమునుంచి వచ్చినవారు. మొదటి రోజే వారిలో ఒకరు ఒక ప్రశ్న వేశారు: "సార్, వేగము అంటే రఫ్తార్ కదా సార్. ఇది ఇరవై నిమిషాల రఫ్తారా, మొదటి నిమిషము రఫ్తారా?" ఏదైనా ఒకటేనమ్మా, సమయము అందరికీ సమానము కదా అని చెప్పి ముందుకు సాగిపోయాము. ఆ ప్రశ్నకు అంతకంటె చెడ్డ సమాధానము లేదు. వారు ఊరుకోలేదు. ఒకే గాఢతతో నాలుగు కుప్పెలు పెట్టి, అయిదు, పది, పదిహేను, ఇరవై నిమిషములకు ఒక్కొక్కటి ఆపి చూశారు. అయిదు నిమిషములలో పుట్టిన అమ్మోనియాకు ఇరవై నిమిషములలో పుట్టినది నాలుగు రెట్లు ఉండవలసింది. రెండు రెట్లు కూడా లేదు. ఆరు గాఢతల గ్రాఫులోనూ వారి గీత మూడవ బిందువు వద్దనే చదునై పడుకొన్నది. పుస్తకములోని వంపుకు, దానికి పోలికే లేదు. రికార్డు చూసి, "కొలతలు సంతృప్తికరముగా లేవు, మరల చేయవలెను" అని ఎర్ర సిరాతో వ్రాశాము. వారు మరల చేశారు. మరల అవే అంకెలు. పదికి నాలుగు మార్కులు వేశాము. ఇంచుమించు మిగిలిన అందరి రికార్డులలోను చక్కని వక్రములు ఉన్నాయి. వారికి తొమ్మిదేసి వేశాము.

ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మార్కుల కోసము రాలేదు. "సార్, మీరొకసారి మా ఎదుట చేయండి సార్," అన్నారు. ఆ మాటలో ధిక్కారము లేదు, అలసట ఉన్నది. సాయంకాలము తరగతులు ముగిశాక మేమే చేసి చూశాము. మా అంకెలు వారి అంకెలే. ఎందుకిలా అని తర్కించుకొంటూ ఉండగా, ఊరికే చూద్దామని ఒక కుప్పెలో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేశాము. కొద్ది నిమిషములలో ద్రవము గులాబీ రంగుకు తిరిగింది. అప్పటికిగాని మాకు వెలగలేదు. పుట్టిన అమ్మోనియా ఎక్కడికీ పోవడము లేదు, ఆ కుప్పెలోనే ఉన్నది. దానివల్ల ద్రవము క్షారముగా మారుతున్నది. తటస్థమునకు దగ్గరగా ఉన్నప్పుడు చురుకుగా పనిచేసే యూరియేజు ఆ క్షారములో మందగిస్తున్నది. యూరియా ఎక్కువున్న కుప్పెలో అమ్మోనియా త్వరగా పుడుతుంది; త్వరగా పుట్టినందుకే చర్య త్వరగా నిలిచిపోతుంది. దర్గా వాకిట తీసుకొన్న చెప్పులు ఆ మనుషుల చుట్టూనే గుట్టపడి వారి చేతులు ఆడనీయకుండా చేసినట్లు. మూడవ బిందువు వద్ద గీత చదునుకావడము ఎంజైము నిండిపోయినందువల్ల కాదు. మేము తీసివేసిన బఫరు వల్ల.

ఈ పొరపాటు మాకు ముందే శాస్త్రచరిత్రలో జరిగి ఉన్నది. 1903లో విక్టర్ ఆన్రి అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లో చక్కెరను విరిచే ఇన్వర్టేజు మీద పనిచేసి ఇంచుమించు ఈ సూత్రమునే రాబట్టారు. కాని ద్రావణపు ఆమ్లత్వమును ఆయన అదుపులో ఉంచలేదు. పి.హెచ్. అనే కొలమానమును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టినది 1909లో గదా! ఆ తరువాత 1913లో బెర్లిన్ నగరములోని ఒక ఆసుపత్రికి చెందిన చిన్న ప్రయోగశాలలో లియొనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఆ పనినే తిరిగి చేశారు. బఫరు వాడారు. చర్యను క్షారముతో ఆపి, చక్కెరల కాంతిభ్రమణము స్థిరపడేవరకు ఆగి కొలిచారు. అన్నింటికంటె ముఖ్యముగా, చర్య మొదలైన తొలి క్షణముల వేగమునే లెక్కలోకి తీసుకొన్నారు. ఆ సమయములో పుట్టిన ద్రవ్యము స్వల్పము గనుక అది అడ్డుపడదు. "మొదటి నిమిషము రఫ్తారా" అని మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానము నూటపది సంవత్సరముల కిందటనే అచ్చయి ఉన్నది.

మైకేలిస్ యూదుడు. ఇంత పనిచేసినా బెర్లిన్‌లో ఆయనకు జీతము గల స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1922లో జపాను దేశపు నగోయాకు, అక్కడినుంచి అమెరికాకు వెళ్ళిపోయారు. మెంటెన్ కెనడా దేశపు స్త్రీ. 1911లో టొరంటోలో వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము పొంది సముద్రము దాటి వచ్చి పనిచేశారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆమెకు పూర్తి ఆచార్యపదవి ఇచ్చినది 1948లో, అంటే ఆమె అరవైతొమ్మిదవ యేట. ఈ వివరములు చెప్పినప్పుడు ఆ ఇద్దరు విద్యార్థినులు ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నారు. మేము బ్లాక్‌బోర్డు తుడవడానికి అటు తిరిగాము.

ఇంతకంటె చేదైన సంగతి మిగిలి ఉన్నది. బఫరు లేకుండా ఆ సూచనల ప్రకారము చేస్తే ఆ చక్కని వక్రము రానే రాదు. మరి తొమ్మిదేసి మార్కులు పొందిన రికార్డులలోని అంకెలు ఎక్కడివి? పాఠ్యపుస్తకములోని బొమ్మను ముందుపెట్టుకొని, దానినుంచి వెనుకకు నడిచి, మిల్లీలీటర్లలోకి మార్చి వ్రాసినవి. కొన్నింటిలో బ్యూరెట్టు కొలతలు కూడా ఎంతో ముచ్చటగా ఒకదానికొకటి సరిపోయాయి. వాటి మీద మా సంతకములు ఉన్నాయి. మొత్తము తరగతిని పిలిచి, ఎవరి పేరూ అడగకుండా, ఆ ప్రయోగపు మార్కులన్నీ రద్దు చేస్తున్నామనీ, తప్పు సూచనల కాగితములో ఉన్నదనీ చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక బల్లనుంచి ఒకరు, "నిజం రాసినోళ్ళకు నాలుగు పడినాయి కదా సార్, మేమేం చేస్తాం," అన్నారు. కోపము వచ్చిన మాట నిజము. జవాబు మాత్రము మా వద్ద లేదు. ఆ ఇద్దరి రికార్డులలోని ఎర్ర సిరా వ్రాతను కొట్టివేసి, "కొలతలు సరియైనవి, సూచన తప్పు" అని వ్రాసి తేదీ వేశాము. రద్దు చేసిన మార్కులలో వారివి చేరవు.

2024లో ప్రయోగమును మార్చాము. బఫరు తిరిగి వచ్చింది. అయితే చిక్కని బఫరు తాగే ఆమ్లము అమ్మోనియా తాగేదానికంటె ఎంతో ఎక్కువై, అసలు కొలత అందులో మునిగిపోతున్నది. పలుచన చేయగా చేయగా ఒకచోట కుదిరింది. శూన్యప్రయోగములో ఆమ్లమును ముందు పోసి, ఎంజైమును తరువాత పోయాలి. ఈ వరుస తిరగబడితే ఆ కొద్దిసేపటిలోనే కొంత అమ్మోనియా పుట్టి లెక్క చెడుతుంది. ఎన్/50 బలము గల ద్రావణములు వాడితే బ్యూరెట్టు తేడాలు కంటికి ఆనుతాయి. ప్రతి గాఢతకు రెండు, నాలుగు, ఆరు నిమిషములకు కుప్పెలు ఆపి, ఆ మూడు బిందువులు సరళరేఖ మీద ఉంటేనే దాని వాలును తొలి వేగముగా తీసుకొంటాము. కుప్పెలు పెరిగాయి గనుక ఒక జత ఒక్క గాఢతనే చేస్తుంది; తరగతి మొత్తము కలిసి ఒక్క గ్రాఫు గీస్తుంది. ఇందువల్ల మరొక మేలు కలిగింది. ఒకరి అంకె అందరికీ కావాలి గనుక, అల్లిన అంకెకు గిరాకీ తగ్గింది.

వేడిమి సంగతి వేరే చెప్పాలి. చర్యావేగములు పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు అవుతాయని స్థూలముగా చెబుతారు. మన ఊళ్ళలో మార్చి ఉదయపు తరగతికి, మధ్యాహ్నపు తరగతికి ప్రయోగశాలలో అంతకు తక్కువ తేడా ఉండదు. ఉష్ణస్థాపకము మా వద్ద లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి, కుండనీళ్ళు కలుపుతూ ముప్పది డిగ్రీల వద్ద నిలుపుతున్నాము. ఈ పని ఒక విద్యార్థికి అప్పగిస్తాము. వానికి తరగతిలో 'భిస్తీ' అని పేరు. వాడు కన్ను మూయకుండా థర్మామీటరు చూస్తాడు. ఆ రోజు అందరిలోకి ఎక్కువ నేర్చుకొనేది బహుశా వాడే.

గ్రాఫు గీసేటప్పుడు పిల్లలు చివరి బిందువు వద్ద గీతను స్కేలు పెట్టి చదును చేస్తారు. పుస్తకములోని బొమ్మ అలా ఉంటుంది గనుక. సూత్రమును అడిగితే అది వేరే మాట చెబుతుంది. గాఢత స్థిరాంకమునకు మూడు రెట్లు ఉంటే వేగము గరిష్ఠములో నూటికి 75 పాళ్ళు. తొమ్మిది రెట్లు ఉంటే 90. తొంభైతొమ్మిది రెట్లు ఉంటే 99. గీత ఎన్నటికీ గరిష్ఠమును తాకదు. మరి తాకని దానిని కనుక్కోవడమెలా? 1934లో లైన్‌వీవర్, బర్క్ అనేవారు రెండు కొలతలనూ తలక్రిందులు చేసి, ఒకటిని వాటితో భాగించి గీస్తే సరళరేఖ వస్తుందని చూపారు. పరీక్షలకు అదే వాడుక. అయితే అత్యల్ప గాఢతల వద్ద బ్యూరెట్టు తేడా అతి చిన్నది, కొలతలో పొరపాటు వంతు అతి పెద్దది. తలక్రిందులు చేసినప్పుడు ఆ బిందువులే దూరముగా వెళ్ళి కూర్చొని గీతను తమవైపు లాగుతాయి. సరళరేఖ మీది మోజు మా విద్యార్థులకంటె మాకే ఎక్కువని ఒప్పుకోవాలి.

ఈ సూత్రమును 1925లో మరింత విశాలమైన పునాది మీద నిలిపినవారు బ్రిగ్స్, హాల్డేన్. ఆ జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశమునకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరులో కన్నుమూశారు. తన దేహమును వైద్యవిద్యార్థుల చదువు నిమిత్తము కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. పాఠ్యపుస్తకములోని సూత్రము ఎక్కడో సముద్రాల అవతల పుట్టిందనుకొనే విద్యార్థికి, దానిని సరిదిద్దినవారిలో ఒకరు తన దేహమును తెలుగుగడ్డకు ఇచ్చారని తెలియడము మంచిదే. మా వారు కొందరు కాకినాడ చూసి రావాలని అడుగుతున్నారు. దారి ఖర్చుల వద్ద ఆగింది.

కళాశాల కమిటీ పెద్దలకు ఇక్కడే ఒక మనవి. ఈ ప్రయోగమునకు గింజలు ఉచితము, యూరియా చవక. కొరతగా ఉన్నవి రెండే: ఒక పి.హెచ్. మీటరు, కొన్ని స్టాప్ గడియారములు. సెల్‌ఫోనులలో గడియారము ఉన్నదికదా అనవచ్చును. ఉన్నది. దానితోపాటు పాఠ్యపుస్తకపు బొమ్మ కూడా ఉన్నది. మరొక మాట. ఈ ప్రయోగమునకు మేము పెట్టుకొన్న పద్ధతిలో పదింటిలో ఆరు మార్కులు కొలతల పట్టికకే, అదీ ప్రయోగశాలలోనే పెన్నుతో వ్రాసిన పట్టికకే. వంపు ఎలా ఉన్నదనేదానికి మార్కులే లేవు. దీనివల్ల కొందరి మొత్తము మార్కులు తగ్గాయని తల్లిదండ్రులు కమిటీకి ఫిర్యాదు చేసినట్లు విన్నాము. ఫిర్యాదులో వాస్తవమున్నది, మార్కులు తగ్గాయి. ఈ పద్ధతిని కొనసాగించడానికి పెద్దలు అనుమతిస్తారని ఆశిస్తున్నాము.

2025లో రంజాను మార్చి నెలలో వచ్చింది. పుచ్చగింజలకు కొదువ లేదు. అన్నింటికంటె తక్కువ గాఢతను ఈసారి మూడు జతలకు ఇచ్చాము. ముగ్గురి అంకెలూ మూడు విధములుగా వచ్చాయి. బ్యూరెట్లు మార్చి చూశాము, గింజల ద్రవము కొత్తగా తీసి చూశాము, భిస్తీని నిలదీశాము. తేడా తగ్గిందే గాని పోలేదు. ఒకరు సగటు తీద్దామన్నారు. ఆ బల్ల వద్ద ఉన్న అమ్మాయి వద్దన్నది. మూడు అంకెలనూ వచ్చినవి వచ్చినట్లే పట్టికలో వ్రాయించి, గ్రాఫులో మూడు బిందువులుగా పెట్టించి, గీతను వాటికి ఇవతలనే ఆపించాము.